మార్గరిటా వెజ్ పిజ్జాయేనా?

చిట్టీ, బుజ్జీ,

మీ ఇద్దరికీ ఆశీస్సులు. ఏది దేని కిందకి వస్తుందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందని అడిగారు కదా. ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

కొంత మనం చెప్తాం, మిగతాది అదే తేల్చుకుంటుంది. మనం చెప్పేది రాసిపెట్టే పత్రాన్ని ఆంటాలజీ అంటారు. రాయడానికి ఔల్ అనే భాష ఉంది. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూత్రీసీ సంస్థ దాన్ని 2004లో ఖాయం చేసింది.

పత్రాన్ని ముందు పార్సర్ చదువుతుంది. రాసిందంతా మూడేసి పదాల చిన్న వాక్యాలుగా విడదీస్తుంది. 'మార్గరిటా పిజ్జా మీద మొజరెల్లా అనే చీజ్ ఉంటుంది' అన్న ఒక్క ముక్కకే నాలుగు వాక్యాలవుతాయి! మార్గరిటా ఫలానా గుంపులోది. ఆ గుంపు ఒక షరతుతో ఏర్పడింది. షరతు టాపింగ్ గురించి, అంటే పిజ్జా మీద వేసేదాని గురించి. ఆ టాపింగ్ మొజరెల్లా. ఆ గుంపుకి పేరు కూడా ఉండదు. మూడో వాక్యం ఎగిరిపోయిందా, షరతు దేని గురించో తెలియక మిగతావి ఎందుకూ కొరగావు.

తర్వాత రీజనర్ వంతు, అంటే రాసినవాటి నుంచి రాయనివి తేల్చే ప్రోగ్రామ్‌ది. అసలు తమాషా ఇక్కడే. మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు పాఠాల కోసం ఒక పిజ్జా ఆంటాలజీ తయారుచేశారు. మాంసం, చేప లేనిదే వెజ్ పిజ్జా అని అందులో ఉంది. మార్గరిటా మీద టమాటా, మొజరెల్లా ఉంటాయని మాత్రమే రాసి ఊరుకున్నామనుకోండి, రీజనర్ దాన్ని వెజ్‌లో చేర్చదు. రైలు చార్టులో మన పేరు లేకపోతే బెర్తు లేనట్టే కదా? ఇక్కడ ఆ లెక్క చెల్లదు. చేప ఉందని రాయలేదు, సరే; లేదని మాత్రం ఎవరన్నారు? అందుకే 'ఈ రెండే, ఇంకేమీ లేవు' అని రాయాలి. మొజరెల్లా, టమాటా వేరు, మాంసం, చేప వేరు అని కూడా రాయాలి. మనకిది చాదస్తంలా ఉంటుంది కానీ, ఎవరెవరో రాసిన పత్రాలు కలిసే వెబ్‌లో, కనబడనిదల్లా లేదనుకుంటే కొంప మునుగుతుంది.

అదే ఆంటాలజీలో ఐస్‌క్రీమ్ కూడా ఉంది, కావాలనే పెట్టారు. టాపింగ్ ఉన్నదల్లా పిజ్జాయే అని ఒక నియమం. ఐస్‌క్రీమ్ మీద పండ్ల టాపింగ్ ఉంది. ఐస్‌క్రీమ్, పిజ్జా వేరు వేరు అని ఇంకో నియమం. పాపం రీజనర్ ఏం చేస్తుంది? అసలు ఐస్‌క్రీమ్ అనేదే ఉండడానికి వీల్లేదని తేల్చి, ఎర్రక్షరాల్లో చూపిస్తుంది.

ఆంటాలజీలు రాసుకునే స్టాన్‌ఫర్డ్ వాళ్ల ప్రొటెజే సాఫ్ట్‌వేర్ ఉచితమే. సెలవుల్లో అందులో ఈ పిజ్జా ఫైలు తెరిచి, 'వేరు వేరు' అన్న నియమం తీసేసి, రీజనర్‌ని మళ్లీ నడిపించండి. ఐస్‌క్రీమ్ దేని కిందకి చేరిందో నాకు రాయండి.

తాతయ్య