సూర్యుడి మచ్చల నుంచి సోలార్ పార్కు దాకా: సీమ కరువు మీద పాత పేచీ

"కార్బన్ గొడవ లేని రోజుల్లో సీమలో కరువు లేదా?" వాతావరణ మార్పు మాటెత్తితే కర్నూలు, అనంతపురం వైపు ఎదురయ్యే ప్రశ్న ఇది. సగం న్యాయమైనదే. పడమటి కనుమల చాటున ఉన్న నేల ఇది. అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన దక్కితే గొప్ప. పేచీ అంతా మిగతా సగం దగ్గరే, అంటే కరువుకు అసలు కారణం ఏమిటన్న దగ్గరే. అదీ నిన్న మొన్నటిది కాదు.

1876-78 ధాత కరువు సంగతే చూడండి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో జనం నాలుగో వంతుకు పైగా తగ్గిపోయారు. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మనిషికి ఇచ్చే ధాన్యాన్ని వైస్రాయ్ పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌనుకు, అంటే దాదాపు 450 గ్రాములకు కోశాడు. అంత తిండితో మనిషి బతకడని అప్పట్లో సీమను కూడా ఏలిన మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్య అధికారి) కార్నిష్ మొత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే, 1877లో, ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్, సర్కారు గణాంకాల అధికారి విలియం హంటర్ కలిసి ఒక సిద్ధాంతం తెచ్చారు: సూర్యుడి మీద మచ్చలు పదకొండేళ్లకోసారి తగ్గుతాయి, మద్రాసు వానలూ వాటితోపాటే తగ్గుతాయి అని. సర్కారుకు ఇంతకన్నా అనుకూలమైన కారణం ఉంటుందా? తప్పు సూర్యుడిదైతే, కరువులోనూ రేవుల నుంచి ధాన్యం ఓడలెక్కిన సంగతి ఎవరూ అడగరు.

తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన గిల్బర్ట్ వాకర్ రుతుపవనాల గుట్టు విప్పబోయి, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద గాలి పీడనం ఒకచోట పెరిగితే మరోచోట తగ్గుతుందని కనిపెట్టాడు. ధాత కరువు వెనక బలమైన ఎల్‌నినో, అంటే పసిఫిక్ నీళ్లు వేడెక్కి ఆ పీడనాలు తారుమారయ్యే స్థితి, ఉందని ఇప్పుడు తెలుసు. బొగ్గు కాలిస్తే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1896లోనే లెక్క కట్టాడు. 1958లో గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇవాళ 420 దాటింది. సూర్యుడి వెలుగును ఉపగ్రహాలు 1978 నుంచి కొలుస్తున్నాయి. అది పెరగలేదు, వేడి మాత్రం పెరిగింది. మచ్చల వాదం అక్కడితో సరి. సీమ కరువంతా కార్బన్ ఖాతాలో వేయడం తప్పే, కానీ కరువు పాతదని కార్బన్‌ను వదిలేయడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇంతకీ సీమకు గాలి కరెంటు, ఎండ కరెంటు ఈ చర్చ వల్ల రాలేదు. 1990ల్లో అనంతపురం వైపు రామగిరి గుట్టల మీద గాలిమరలు లేచే నాటికి, అలాంటి వాటికి పెట్టుబడి పెట్టిన కంపెనీలకు దేశమంతటా పన్ను మినహాయింపులు దొరికేవి. ఆ ఫ్యాన్లే మబ్బుల్ని చెదరగొడుతున్నాయన్న మాట పల్లెల్లో పుట్టింది. మర ఎత్తు పదుల మీటర్లు, వాన మబ్బు వందలూ వేల మీటర్ల పైన. అయినా వాన ఎందుకు రాలేదో చెప్పేవాడు లేనప్పుడు, కంటికి కనిపించేదాన్నే జనం అనుమానిస్తారు.

ఎండ సంగతి వచ్చేసరికి అంతా రేటు మీదే నడిచింది. అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల సోలార్ పార్కు కోసం 2015లో జరిగిన వేలంలో యూనిట్ 4.63 రూపాయలు పలికితే, 2017లో కడప పార్కుకు 3.15కే పలికింది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాల ధరలు తగ్గించాలని పట్టుబట్టింది. హైకోర్టు 2022లో కంపెనీల పక్షాన తీర్పిచ్చింది. ఆ రగడంతా యూనిట్ ధర గురించే. మరోపక్క కడప జిల్లాలోనే 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం ఎక్కడినుంచో రైల్లో వచ్చే బొగ్గుతో నడుస్తోంది. పొద్దు గూకాక ప్యానెల్ పనిచేయదు కాబట్టి, పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టును కర్నూలు వైపు పిన్నాపురం దగ్గర కట్టారు.

ఇక భూమి. అనంతపురం వైపు సోలార్ పార్కు వచ్చిన ఎన్పీకుంటలో పట్టా చేతిలో ఉన్న రైతు పరిహారం కోసం బేరమాడగలిగాడు. కాగితం లేకుండా ఏళ్ల తరబడి దున్నుకున్నవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. గనిలో వెయ్యి మెగావాట్లకు దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది. 2024 నాటి రాష్ట్ర క్లీన్ ఎనర్జీ పాలసీ లక్ష్యం 1,60,000 మెగావాట్లు. అందులో ఎండ వాటా ఎంతయినా, దానికి కావలసిన బీడు ఎక్కువగా ఉన్నది ఈ జిల్లాల్లోనే.