ఐసీయూ వైద్యంలో ఆడవాళ్ల పరిశోధన: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఐసీయూ రీసెర్చ్‌లో ఆడవాళ్ల పేరు ఆప్గార్ స్కోరు (పుట్టిన వెంటనే బిడ్డ పరిస్థితికి వేసే మార్కులు) దగ్గరే ఆగిపోతుంది.

వాస్తవం: వర్జీనియా ఆప్గార్ 1953లో ప్రచురించిన ఆ స్కోరు ప్రసూతి గదుల్లో ఇప్పటికీ రోజూ వేస్తున్నదే. కానీ ములుగు, భూపాలపల్లి వైపు నుంచి 108లో వరంగల్‌కు వచ్చే సీరియస్ కేసుల్లో ఏ మందు, ఎంత, ఎప్పుడు అనే లెక్కల వెనక కూడా ఆడవాళ్లున్నారు. పీజీ డాక్టర్లకు ఈ పేర్లు తెలియాలి.

అపోహ: కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే ట్రానెక్సా (ట్రానెక్సామిక్ యాసిడ్, రక్తస్రావం తగ్గించే మందు) పెద్దాసుపత్రికి చేరాక ఇచ్చినా ఒకటే.

వాస్తవం: కానే కాదు. హలీమా షకూర్-స్టిల్ ముందుండి నడిపిన ఉమన్ ట్రయల్ (2017) 21 దేశాల్లో 20,060 మంది బాలింతల మీద జరిగింది. 3 గంటల్లోపు మందు పడ్డవాళ్లలో రక్తస్రావంతో చనిపోయింది 1.2 శాతం, పడనివాళ్లలో 1.7 శాతం. 3 గంటలు దాటాక లాభం కనబడలేదు. లెక్క మొదలయ్యేది కాన్పైన నిమిషం నుంచి, అంబులెన్స్ ఎక్కినప్పటి నుంచి కాదు. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు సుమారు 100 కిలోమీటర్లు. బండి కోసం చూసే టైము కూడా కలిస్తే ఆ 3 గంటలు దారిలోనే కరిగిపోతాయి. అందుకే మొదటి డోసు కాన్పైన చోటే పడాలి.

500 మి.గ్రా. ఆంప్యూల్స్ రెండు, మొత్తం 10 మి.లీ. నిమిషానికి 1 మి.లీ. చొప్పున ఐవీలో నెమ్మదిగా ఇవ్వాలి. గబగబా నెడితే బీపీ పడిపోతుంది. అరగంట తర్వాత కూడా రక్తం పోతుంటే ఇంకో గ్రాము. ఆక్సిటోసిన్ (గర్భసంచి బిగుసుకునేలా చేసే మందు), గర్భసంచి మర్దన మానొద్దు, ఇది వాటికి తోడు మాత్రమే. రెఫరల్ చీటీ మీద కాన్పు టైము, డోసు టైము రెండూ రాయండి. ఇంకో ముఖ్యమైన మాట: ఈ ఆంప్యూల్స్‌ను వెన్నుకిచ్చే మత్తుమందు ట్రేలో పెట్టొద్దు. పొరపాటున వెన్నులోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు.

అపోహ: జ్వరంతో వచ్చిన పిల్లాడికి కాళ్లూచేతులు చల్లబడితే సెలైన్ ఎంత వేగంగా ఎక్కిస్తే అంత మంచిది.

వాస్తవం: కాథ్రిన్ మైట్‌లాండ్ నడిపిన ఫీస్ట్ ట్రయల్‌లో (2011) కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లలున్నారు. బోలస్ (ఒక్కసారిగా వేగంగా ఎక్కించే సెలైన్ లాంటి ద్రవం) ఇచ్చినవాళ్లలో 48 గంటల్లో సుమారు 10.5 శాతం చనిపోయారు, ఇవ్వనివాళ్లలో 7.3 శాతం. వెంటిలేటర్ అందుబాటులో లేని ఆసుపత్రుల ఫలితమిది. విరేచనాలతో నీరు పోయిన పిల్లలు ఇందులో లేరు, వాళ్ల లెక్క వేరు. డెంగీ షాక్‌కు కూడా వేరే ప్రోటోకాల్ ఉంది.

10 కిలోల పిల్లాడికి 500 మి.లీ. బాటిల్ తగిలించి రోలర్ (చుక్కల వేగం తగ్గించే చక్రం) వదిలేయడమే ఎక్కువగా జరిగే తప్పు. మైక్రోడ్రిప్ సెట్ వాడండి. 60 చుక్కలు 1 మి.లీ. కాబట్టి గంటకు 40 మి.లీ. కావాలంటే నిమిషానికి 40 చుక్కలు.

అపోహ: వెంటిలేటర్ తీసేస్తే గండం గడిచినట్టే.

వాస్తవం: మార్గరెట్ హెరిడ్జ్ బృందం (2003) ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే జబ్బు) నుంచి బతికి బయటపడ్డ 109 మందిని ఏడాది పాటు చూసింది. ఊపిరితిత్తులు చాలావరకు కోలుకున్నా, కండలు కరిగి నడక తగ్గింది. ఏడాదికి సగం మందే పనిలోకి వెళ్లారు. పత్తి చేను పని మీద బతికే మనిషికి డిశ్చార్జి రోజునే ఫిజియోథెరపీ రాసివ్వాలి.