గ్రాఫికలా, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీయా, గ్రూవీయా? డేటా మ్యాపింగ్ మీద అపోహలు - వాస్తవాలు

కంపెనీల ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్‌ను వేరే సిస్టమ్‌లతో కలిపే ఇంటిగ్రేషన్ పనిలో చేరిన ప్రతి జూనియరూ అడిగే ప్రశ్న ఇది. ఒక సిస్టమ్ పంపిన మెసేజ్‌ను ఇంకో సిస్టమ్‌కు కావాల్సిన రూపంలోకి మార్చడమే డేటా మ్యాపింగ్. దాన్ని స్క్రీన్ మీద గీతలు గీసి చేయాలా (గ్రాఫికల్), ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే ట్యాగుల ఫార్మాట్‌ను మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో రాయాలా, గ్రూవీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయాలా? ఎవరో సీనియర్ చెప్పిన మాట పట్టుకుని పద్ధతి ఎంచుకుంటే నేను ఒప్పుకోను. వచ్చే మెసేజ్ ఎలా ఉంది, వెళ్లాల్సింది ఎలా ఉండాలి, రేపు అర్ధరాత్రి ఇంటర్‌ఫేస్ ఆగితే దాన్ని తెరిచేది ఎవరు? ముందు ఈ మూడూ చూడాలి.

అపోహ: గ్రాఫికల్ మ్యాపింగ్ కొత్తవాళ్లకే. అనుభవం ఉన్నవాళ్లు కోడ్ రాస్తారు.

వాస్తవం: మనం గీతలు గీసి కలిపిందంతా లోపల జావా కోడ్‌గానే మారి నడుస్తుంది. ఫీల్డ్‌కి ఫీల్డ్ పంపే ఐడాక్ (ఎస్ఏపీ సొంత మెసేజ్ ఫార్మాట్), ఈడీఐ (కంపెనీల మధ్య వ్యాపార పత్రాల ఎలక్ట్రానిక్ మార్పిడి) పనులకు నేను ముందు దీన్నే చూస్తాను. "ఈ విలువ ఎక్కణ్నుంచి వస్తోంది?" అని ఫంక్షనల్ కన్సల్టెంట్ అడిగితే స్క్రీన్ మీదే చూపించొచ్చు.

కష్టమంతా కాంటెక్స్ట్ దగ్గరే, అంటే ఏ విలువలు ఒక గుంపుగా లెక్కలోకి వస్తాయన్న హద్దు దగ్గరే. ఆర్డర్ల కోసం వాడే ఆర్డర్స్05 ఐడాక్‌లో పార్ట్‌నర్ సెగ్మెంట్ (లావాదేవీలో ఒక్కో పక్షం వివరాలుండే భాగం) చాలాసార్లు వస్తుంది. ఏజీ అంటే ఆర్డర్ ఇచ్చిన కస్టమర్, డబ్ల్యూఈ అంటే సరుకు చేరాల్సిన చోటు. మనకు డబ్ల్యూఈ నంబర్ కావాలి. విలువను పోల్చే ఈక్వల్స్, అది సరిపోతేనే పంపే ఇఫ్‌వితౌట్‌ఎల్స్ ఫంక్షన్లు పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. కానీ ఒక్కో సెగ్మెంట్‌దీ ఒక్కో కాంటెక్స్ట్. ఆ హద్దులను తీసేసే రిమూవ్‌కాంటెక్స్ట్స్ పెట్టకపోతే టార్గెట్ మొదటి సెగ్మెంట్ దగ్గరే ఆగిపోతుంది. అది ఏజీ అయితే ఫీల్డ్ ఖాళీగా పోతుంది. టెస్ట్ ఫైల్లో డబ్ల్యూఈ ముందుందనుకోండి, ఎవరికీ అనుమానం రాదు, తప్పు ప్రొడక్షన్‌లోనే బయటపడుతుంది. ఒక్కో దశలో ఏ విలువలు వచ్చాయో చూపే డిస్‌ప్లే క్యూ తెరిచి చూసే అలవాటుంటే ఇది అక్కడికక్కడే దొరుకుతుంది.

అయితే ఒక్క ఫీల్డ్ కోసం యూడీఎఫ్ (మనమే రాసుకునే ఫంక్షన్) మీద యూడీఎఫ్ రాయాల్సి వస్తోందంటే, ఆ పనికి ఈ పద్ధతి కుదరలేదని అర్థం.

అపోహ: ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ కాలం చెల్లింది.

వాస్తవం: 1999లో వచ్చిన 1.0 మాత్రమే చూసినవాళ్లు ఇలా అంటారు. 2007 నాటి 2.0లోనే గ్రూపింగ్ సులువైపోయింది, 3.0 2017లో వచ్చింది. విడివిడిగా వచ్చిన డెలివరీ లైన్లను ఆర్డర్ వారీగా గుదిగుచ్చాలంటే, మెసేజ్ నిర్మాణాన్నే తిరగరాయాలంటే నా ఓటు దీనికే.

అపోహ: కోడ్ రాస్తే ఎప్పుడూ ఫాస్ట్‌గా నడుస్తుంది.

వాస్తవం: ఫైలును ఎలా చదువుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పెద్ద ఎక్స్‌ఎమ్‌ఎల్ మొత్తాన్నీ స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) మెమరీలోకి లాగి, దాన్ని మళ్లీ ట్రీగా కడితే గ్రూవీ అయినా జావా అయినా చతికిలబడుతుంది. ప్రతి లైన్ ఐటెమ్‌కీ ఎస్ఏపీని అడిగి విలువ తెచ్చే ఆర్‌ఎఫ్‌సీ లుకప్ ఒకటి పెడితే ఇక పద్ధతి ఏదైతేనేం?

అపోహ: జేసన్ (ఎక్స్‌ఎమ్‌ఎల్ లాంటి మరో డేటా ఫార్మాట్) కావాలంటే ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా మ్యాప్ చేసి చివర్లో కన్వర్టర్ పెడితే చాలు.

వాస్తవం: ప్రభుత్వ పోర్టల్‌కు జేసన్‌లో పంపే జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ దగ్గర ఈ నమ్మకం నిలవదు. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన చాలా వ్యాపారాలకు ఇది తప్పనిసరి కాబట్టి ఈ పని మనలో చాలామందికి తగులుతుంది. ఆ జేసన్‌లో పిన్‌కోడ్, పరిమాణం, మొత్తం విలువ నంబర్లుగా ఉండాలి. స్టేట్ కోడ్ మాత్రం స్ట్రింగ్. ఎస్ఏపీ క్లౌడ్ ఇంటిగ్రేషన్ టూల్‌లోని కన్వర్టర్‌కు ఈ తేడా తెలియదు, అన్నిటినీ స్ట్రింగ్‌గానే రాస్తుంది. ఐటెమ్ ఒక్కటే ఉంటే, సెట్టింగ్ మార్చనంతవరకు లిస్టును లిస్టుగా కాకుండా ఆబ్జెక్ట్‌గా పంపుతుంది. ఐడాక్ తేదీ 20240405 అని వస్తే అక్కడ 05/04/2024 అని ఉండాలి.

ఇక్కడ నేను గ్రూవీ వైపే మొగ్గుతాను. ఏది నంబరో, ఏది స్ట్రింగో, ఏది ఎప్పుడూ లిస్టుగానే ఉండాలో మన చేతుల్లో ఉంటుంది. అయితే కంటికి అంకెలా కనిపించే ప్రతిదాన్నీ నంబర్‌గా మార్చే కోడ్ రాయకండి. తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37 కాబట్టి ఇక్కడి కస్టమర్ల డేటాతో టెస్ట్ చేస్తే ఆ కోడ్‌లోని తప్పు సులువుగా కంట పడదు. ఢిల్లీ 07 వచ్చినప్పుడు మాత్రం సున్నా ఎగిరిపోయి 7 అవుతుంది. అందుకే టెస్ట్ సెట్‌లో ఒకే ఐటెమ్ ఉన్న ఇన్వాయిస్ ఒకటి, ఢిల్లీ కస్టమర్ ఇన్వాయిస్ ఒకటి తప్పకుండా పెట్టండి.