అది నా పార్ట్ కాదు పెద్దమ్మా

పిల్లలూ,

దసరా సెలవుల్లో మీరు నలుగురూ కలిసి చేసిన రామప్ప గుడి ప్రాజెక్టు చూశాను. రాత బాగానే ఉంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. కానీ ఫొటోలు పెట్టినవాణ్ని పట్టుకుని, గుడి కింద గోతిలో ఇసుక నింపి వేసిన ఆ ఇసుక పునాది సంగతేందిరా అంటే "అది నా పార్ట్ కాదు పెద్దమ్మా, అక్కది" అన్నాడు. అక్కనేమో 1213లో ఆ గుడి కట్టించిందెవరని అడిగితే అది తమ్ముడి పార్ట్ అట. రేచర్ల రుద్రుడి పేరు ఫైల్లో బోల్డ్ అక్షరాల్లో ఉంది, మీ నలుగురిలో ఒక్కరికే తెలుసు. అప్పుడే చెబుదామనుకున్నా గానీ బతుకమ్మ పేర్చే హడావుడిలో వీలు కాలేదు.

ఒకే గూగుల్ డాక్‌లో నలుగురూ టైపు చేసినంత మాత్రాన కలిసి చదివినట్టు కాదు. ఎవరి ముక్క వాళ్లు అతికించి, సబ్మిట్ కొట్టి మమ అనిపిస్తే అరగంటలో అయిపోతుంది, సారు మార్కులు కూడా వేస్తారు. ఒక్క ఉదాహరణ చెప్తా చూడండి. మీ ఫైల్లో నీళ్ల మీద తేలే ఇటుకలు ఒకరి పార్ట్, పునాది ఇంకొకరి పార్ట్. శిఖరానికి అంత తేలికైన ఇటుకలు వాడింది కింద బరువు తగ్గించడానికి, అంటే పైన ఇటుకలు, కింద ఇసుక, రెండూ ఒకే ఆలోచనలోవి. ఈ ముక్క మీ ఫైల్లో ఎక్కడా లేదు. ఎట్లా ఉంటుంది? అది ఏ ఒక్కరి పార్టులోనూ లేదు, మీరిద్దరూ మాట్లాడుకుంటేనే బయటపడేది. మీరేమో ఒకే సోఫాలో కూర్చుని ఒకరికొకరు థంబ్స్ అప్ పెట్టుకున్నారు.

1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో అప్పటిదాకా వేర్వేరు బడుల్లో చదివిన నల్లవాళ్ల పిల్లల్నీ తెల్లవాళ్ల పిల్లల్నీ ఒకే క్లాసులో కూర్చోబెట్టేసరికి గొడవలు మొదలయ్యాయి. ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసరు, ఆయన విద్యార్థులు కలిసి జిగ్‌సా అనే పద్ధతి పెట్టారు. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో తలా ఒకటి ఇచ్చారు. ఇంతవరకు మీరు చేసిందే. అయితే అక్కడ ఒకే ముక్క వచ్చినవాళ్లంతా వేర్వేరు గ్రూపుల నుంచి లేచొచ్చి ఒకచోట చేరతారు, దాన్ని నమిలి మింగి, ఇంకొకరికి ఎట్లా చెప్పాలో కూడా అనుకుని, వెనక్కి వెళ్లి తమ గ్రూపుకు పాఠం చెప్తారు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద, ఎవరి పేపరు వాళ్లదే. కాబట్టి పక్కవాడు చెప్పేది వినకుండా వెక్కిరిస్తూ కూర్చుంటే నష్టం నీకే. జూమ్‌లో బ్రేకవుట్ రూములు, అంటే చిన్న గ్రూపులకు విడివిడి గదులు, పెట్టి ఇదంతా చక్కగా చేయొచ్చు, కాకపోతే కెమెరా ఆపేసి బెల్లం కొట్టిన రాయిలా ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు.

పెద్దోడా, మీ కాలేజీలో మూడుల్ ఉందన్నావు కదా, అదే పాఠాలూ అసైన్‌మెంట్లూ ఆన్‌లైన్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్, పీడీఎఫ్‌లు దింపుకోవడానికీ, రాత్రి 11:59కి అసైన్‌మెంట్ పడేయడానికీ తప్ప దాన్ని ఎవరూ తెరవరని కూడా నువ్వే అన్నావు. దాన్ని తయారుచేసిన మార్టిన్ డూగియామాస్ ఆస్ట్రేలియాలో ఎడారి ప్రాంతంలో పెరిగాడు, చిన్నప్పుడు ఆయనకు బడి అంటే షార్ట్‌వేవ్ రేడియోనే. 2002లో మూడుల్ మొదటి వెర్షన్ ఇచ్చాడు, ఉచితంగా. మనుషులు ఇంకొకరి కోసం ఏదైనా తయారు చేస్తున్నప్పుడే బాగా నేర్చుకుంటారనేది దాని వెనకున్న ఆలోచన. అందులో వర్క్‌షాప్ అని ఒకటుంటుంది, మీ సారును అడిగి తెరిపించండి. నువ్వు రాసింది నీ తోటివాళ్లు దిద్దుతారు, వాళ్లది నువ్వు దిద్దుతావు, రాసినందుకు కొన్ని మార్కులు, సరిగ్గా దిద్దినందుకు కొన్ని మార్కులు. దోస్తు కదా అని అందరికీ పదికి పది వేసేస్తే ఆ రెండోదాంట్లో మార్కులు తగ్గొచ్చు. నాకు భలే నచ్చింది.

కరోనాలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి మన బడి పిల్లలకు తెలంగాణ ప్రభుత్వ చదువుల ఛానెల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చేవి. పాఠాలు మంచివే, కానీ టీవీని డౌట్ అడగలేం కదా. నేను ఫోన్ చేసి అర్థమైందా అంటే అందరిదీ ఒకటే జవాబు, "అయ్యింది మేడం". నిజంగా అర్థమైనవాళ్లు ఎవరంటే, పాఠం అయ్యాక అరుగు మీద చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి మళ్లీ చెప్పినవాళ్లు.

ఇక అసలు పని. వచ్చే ప్రాజెక్టు వేయిస్తంభాల గుడి మీద అన్నారు. రాయడం పంచుకోండి, కానీ క్లాసులో చెప్పేటప్పుడు చిట్టీలు వేసుకుని ఇంకొకరి పార్ట్ చెప్పండి. ఒకరు రాసింది నచ్చకపోతే చెరిపేయకుండా పక్కన కామెంట్ పెట్టండి, ఎందుకు తప్పో రాయండి. డాక్‌లో వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఎవరు ఏ వాక్యం ఎప్పుడు మార్చారో అంతా ఉంటుంది, కాబట్టి నేనే మొత్తం చేశానని ఎవరూ డబ్బా కొట్టుకోలేరు. ఏఐని అడగొద్దని నేననను. అది చెప్పింది గ్రూపులో ఒకరు సొంత మాటల్లో చెప్పగలిగితేనే ఫైల్లోకి రానివ్వండి.

ఇంకోటి, ఫోన్ లేదని మీ గ్రూపులోంచి తీసేసిన ఆ పిల్ల సంగతి. వాళ్ల నాన్న రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తాడు, ఫోన్ అప్పుడుంటుంది. మీ మీటింగ్ ఎనిమిదిన్నరకు పెట్టుకోండి. వీడియో వద్దు, వాయిస్ కాల్ చాలు, డేటా తక్కువవుతుంది. చదవాల్సింది చౌరస్తాలో జిరాక్స్ తీయించి ఇచ్చి రండి, డబ్బులు నేనిస్తా.

మీ పెద్దమ్మ,
హనుమకొండ