ఆ మూడో సీసాలో నీళ్లు కాదు

పిల్లలూ,

బడిలో బ్లడ్ గ్రూప్ చూసి పోయిన దగ్గర్నుంచి మీదంతా ఒకటే గొడవట. నీలం సీసా సరే, పసుపు సీసా సరే, మూడోదాంట్లో ఉత్త నీళ్లు పోశారని! నీళ్లు కాదు బిడ్డా, అది యాంటీ-డి, అంటే ఎర్రకణం మీదుండే డి అనేదాన్ని పట్టుకునే యాంటీబాడీ (ఒంట్లో పరాయివాటిని పట్టుకునే ప్రోటీన్). డి ఉంటే రక్తం పాజిటివ్, లేకుంటే నెగెటివ్. చూసేవాళ్లు తికమక పడొద్దని మిగతా రెంటికీ (నీలంది యాంటీ-ఏ, పసుపుది యాంటీ-బీ) రంగు కలుపుతారు, దీనికి కలపరు, అంతే. ల్యాబులో ఇన్నేళ్లు పనిచేసినోణ్ని, ఆ మూడింట్లో నాకిష్టమైంది మాత్రం ఇదే.

ఎందుకంటారా, ఏ, బీ అనేవి ఎర్రకణం మీద ఉండే చక్కెర గొలుసులు. డి అట్లా కాదు, అది ప్రోటీన్. 417 అమైనో ఆమ్లాల పొడుగు దారం, కణం పొరను 12 సార్లు కుట్టినట్టు లోపలికీ బయటికీ దూరి ఉంటుంది. బయటికి తేలేవి కొన్ని వంపులే, యాంటీ-డి ఆ వంపుల ఆకారాన్నే గుర్తుపట్టి అతుక్కుంటుంది. మైక్రోస్కోపులో ఎంతసేపు చూసినా పాజిటివ్ కణానికీ నెగెటివ్ కణానికీ తేడా తెలియదు.

మరి అతుక్కున్నట్టు మన కంటికెట్లా తెలుస్తుంది? ఎర్రకణాల మీద రుణావేశం ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. యాంటీబాడీల్లో రకాలున్నాయి. మామూలు ఐజీజీ రకానికి ఉన్నవి రెండే చేతులు, ఆ దూరం దానికి అందదు. ఐజీఎం రకానికి పది! అది కణానికీ కణానికీ ముడివేస్తే రక్తం ఇసుకలా గడ్డలు కడుతుంది. అందుకే పలక మీద వేసే యాంటీ-డిలో ఐజీఎం ఉంటుంది.

1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు, యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తీసే దారి చూపించారు. 1984లో నోబెల్ వచ్చింది. యాంటీ-ఏ, యాంటీ-బీ అట్లా వచ్చినవే. డి దగ్గర మాత్రం ఎలుక పెద్దగా పనికిరాలేదు, మనిషి కణాలే కావాల్సి వచ్చింది.

అయినా సీసాను గుడ్డిగా నమ్మొద్దు. దాన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, మన వరంగల్ ఎండల్లో కరెంటు పోతే టెన్షనే. ఫ్యాను కింద చుక్క అంచులు ఎండినా గడ్డకట్టినట్టే కనిపిస్తుంది, అందుకే రెండు నిమిషాల్లో చూసేయాలి. పొద్దున్నే ముందుగా తెలిసిన పాజిటివ్ రక్తం, తెలిసిన నెగెటివ్ రక్తం వేసి సీసానే పరీక్ష పెట్టాలి. ఈ పని ఎగ్గొట్టే ల్యాబంటే నాకు ఒళ్లు మంట. కొందరికి డి చాలా తక్కువుంటుంది, పలక మీద తేలదు, వాళ్లకు కూంబ్స్ పరీక్ష (కణాలకు అతుక్కున్న యాంటీబాడీని ఇంకో యాంటీబాడీతో బయటపెట్టేది) చేయాల్సిందే.

ఇక అమ్మానాన్నలిద్దరూ పాజిటివ్ అయితే చెల్లె నెగెటివ్ ఎట్లా అయిందని అడిగారు కదా. డి జన్యువు లేని వాటా ఇద్దరి దగ్గరా ఒక్కోటి దాగి ఉంది, చెల్లెకు ఆ రెండూ వచ్చాయి. కంగారేం లేదు, కానీ కార్డు జాగ్రత్తగా దాచమనండి. రేపు పెళ్లయి కాన్పుకొచ్చినప్పుడు బిడ్డ పాజిటివ్ అయితే, 72 గంటల్లోపు ఆమెకు ఇంజెక్షన్‌గా ఇచ్చేది కూడా యాంటీ-డియే.

మీ తాత,
హన్మకొండ