నల్ల పావులు వచ్చినా

చిరంజీవులు సిరికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నల్ల పావులు వచ్చాయని బుజ్జి అలిగి బోర్డు మడిచేశాడట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మొదటి ఎత్తు తెల్లవాళ్లది కాబట్టి ఆ కాస్త పైచేయి వాళ్లకుంటుంది, నిజమే. అందుకే 2020 ఆగస్టు 29 నాటి ఆట చెబుతాను, వినండి.

కరోనా రోజులవి. దేశాల జట్లు తలపడే చెస్ ఒలింపియాడ్‌ ఆన్‌లైన్‌లో పెట్టారు. సెమీఫైనల్లో మనకు పోలండ్ ఎదురైంది. జట్టుకు ఆరు బోర్డులు. మొదటి మ్యాచ్ 2-4తో పోయింది, రెండోది 4.5-1.5తో మనదైంది. చెరొకటి. ఇక ఒక్క ఆటతో తేలాలి. మనవైపు బెజవాడ అమ్మాయి కోనేరు హంపి, అటువైపు మోనికా సోచ్కో. ఇద్దరూ గ్రాండ్‌మాస్టర్లే.

అలాంటి ఆటను ఆర్మగెడాన్ అంటారు. తెల్లవాళ్లకు గడియారంలో ఎక్కువ సమయం ఇస్తారు, కానీ వాళ్లు గెలిచి తీరాలి. నల్లవాళ్లకు సమయం తక్కువ, డ్రా అయినా గెలిచినట్టే. హంపికి నల్లవి వచ్చాయి.

డ్రా చాలంటే హాయే కదా అనిపిస్తుంది. నన్నడిగితే అసలు చిక్కంతా అక్కడే ఉంది. డ్రా చాలనుకోగానే చెయ్యి ముడుచుకుపోతుంది. రాజు చుట్టూ పావులన్నీ పోగేసుకుంటాం. గుర్రాన్ని ముందుకు దూకించాల్సిన చోట వెనక్కి లాగుతాం. ఈలోగా ఎదుటివాళ్లు నాలుగువైపులా కమ్ముకొస్తారు. మన గడియారమేమో ముందే కరిగిపోతుంది. పైగా ఇది జట్టు ఆట. హంపి ఓడితే ఆనంద్, హారిక, అందరి కష్టమూ అక్కడితో సరి. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆడుతున్నారాయె, పక్కన భుజం తట్టే మనిషైనా లేడు.

హంపికి ఈ ఇరుకు కొత్త కాదు. అంతకు ఎనిమిది నెలల ముందు, 2019 డిసెంబరులో, మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్, అంటే తక్కువ సమయంలో ఆడే చెస్, టైటిల్ కూడా ఆర్మగెడాన్‌తోనే తేలింది. అక్కడ చైనాకు చెందిన లీ టింగ్‌జీతో డ్రా చేసి టైటిల్ అందుకుంది. ఇక్కడ మాత్రం డ్రాతో ఆగలేదు. నల్లవాటితోనే సోచ్కోను ఓడించింది! ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. మర్నాడు ఫైనల్లో భారత్, రష్యా ఉమ్మడి విజేతలయ్యాయి.

సెలవులకు రండి. పోయిన నల్లబంటు ఇంకా దొరకలేదు, దాని గడిలో చింతగింజ పెట్టాను. బుజ్జీ, నల్లవి నీవే. నాకు పది నిమిషాలు, నీకు ఎనిమిది. డ్రా అయితే నువ్వే గెలిచినట్టు.

మీ తాతయ్య