కరెంటు కడ్డీలకి పట్టిన బురద మీ నీళ్లలోది కాదు: నీళ్ల ఫిల్టర్లపై అపోహలు - వాస్తవాలు

యూనివర్సిటీలో నీటి శుద్ధికి పనికొచ్చే మెంబ్రేన్లు (నీటిని వడగట్టే పల్చటి పొరలు), యాడ్సార్బెంట్ల (మలినాల్ని తమకి అతికించుకునే పదార్థాలు) మీద పనిచేసే ల్యాబ్ మాది. శ్రీకాకుళం జిల్లాలో ఈ పని చేస్తున్నామంటే, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి బాటిళ్లు పట్టుకుని జనం వస్తూనే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు. ఇంట్లో ఒకరికి క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) పెరిగిందంటే మిగతావాళ్లకి ముందు అనుమానం వచ్చేది నీళ్ల మీదే. ఆ భయాన్ని నేనెప్పుడూ తప్పుపట్టను. దాన్ని సొమ్ము చేసుకునేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: "కడ్డీలు పెట్టగానే మా బోరు నీళ్లు బురదైపోయాయి, ఆర్వో నీళ్లు తేటగా ఉన్నాయి. అంటే మేం తాగుతున్నది విషమే."

ఈ డెమో మీ వీధిలోకీ వచ్చే ఉంటుంది. రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో మీ బోరు నీళ్లు, రెండోదాంట్లో ఆర్వో ఫిల్టర్లు అమ్మేవాడు తెచ్చిన మెషీన్ నీళ్లు. పైన ప్లాస్టిక్ మూత, దానికి కిందకి దిగిన లోహపు కడ్డీలు. స్విచ్ వేస్తాడు. కాసేపటికే బోరు నీళ్లు ఆకుపచ్చగా తిరుగుతాయి, తర్వాత గోధుమరంగు తెట్టు కట్టి తునకలు తునకలుగా తేలతాయి. పక్క గ్లాసు మాత్రం అలాగే ఉంటుంది. చూసినవాళ్లకి కడుపులో తిప్పుతుంది. రసీదు పుస్తకం బయటికి వచ్చేది అప్పుడే.

ఆ తెట్టు కడ్డీది. కరెంటు పారగానే ఇనప కడ్డీ కరుగుతుంది. కరిగిన ఇనుము నీళ్లలో హైడ్రాక్సైడ్‌గా మారి ముందు ఆకుపచ్చగా, గాలి తగిలాక తుప్పు రంగులో కనిపిస్తుంది. బోరు నీళ్లలో లవణాలున్నాయి కాబట్టి కరెంటు పారింది. ఆర్వో నీళ్లలో అవి దాదాపు లేవు కాబట్టి పారలేదు, కడ్డీ కరగలేదు. అంతకుమించి ఆ పరీక్షలో ఏమీ లేదు. నమ్మకం కుదరకపోతే ఆ ఆర్వో గ్లాసులో చిటికెడు వంటుప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి. అచ్చం అదే బురద వస్తుంది. మా ల్యాబులో కడ్డీని ముందూ తర్వాతా తూకం వేసి చూపిస్తాం, బరువు తగ్గి ఉంటుంది. ఇనుము బదులు గ్రాఫైట్ కడ్డీలు పెడితే అవే బోరు నీళ్లలో బుడగలు తప్ప ఈ తెట్టు రాదు.

కంచిలి వైపు నుంచి ఒక పెద్దావిడ మనవణ్ణి తోడు తీసుకుని వచ్చింది. కొబ్బరి కాపు మీద అడ్వాన్సు తెచ్చి మెషీన్ కొనేసింది అప్పటికే. డబ్బు పోయిందన్న బాధ కాదు ఆవిడది. కొడుకు డయాలసిస్ మీద ఉన్నాడు. "ఇన్నాళ్లూ ఈ బురదేనేటి బాబూ నా కొడుక్కి తాగించినాను?" అని అడిగింది. గ్లాసులు తెప్పించి ఆవిడ చేతే ఉప్పు వేయించాను. చూసి, ఇంకో గ్లాసు పెట్టమంది. మళ్లీ తనే ఉప్పేసింది. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఫలానా అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు, కాబట్టి కొడుక్కి ఎందుకొచ్చిందో నేను చెప్పలేను. ఆ గ్లాసులో బురద మాత్రం ఆవిడ తాగించింది కాదని గట్టిగా చెప్పగలిగాను.

అపోహ: "టీడీఎస్ తక్కువుంటే మంచి నీళ్లు."

టీడీఎస్ అంటే లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు వగైరా, మిల్లీగ్రాముల్లో. కానీ టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతని, అంటే నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో. దాన్నే ఒక లెక్కతో గుణించి అంకె చూపిస్తుంది. క్రిములు దానికి కనపడవు, పురుగుమందులూ కనపడవు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ప్రమాదం. కానీ 300 టీడీఎస్ ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ 1 నుంచి 2కి పెరిగితే మీటరు మీద తేడా ఏం తెలుస్తుంది? భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 వరకూ ఏ ఇబ్బందీ లేదు, వేరే నీరు దొరకనిచోట 2000 దాకా అనుమతి ఉంది. తీరం పక్కన ఉప్పు తగిలిన బోర్లకి ఆర్వో కావాలి, కాదనను. మామూలు నీళ్లకి పెడితే లీటరు మంచి నీళ్ల కోసం రెండు మూడు లీటర్లు పారబోయాలి. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్, టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో నిషేధించమని కేంద్రానికి చెప్పింది అందుకే. పాడైన మెంబ్రేన్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. పాలిఅమైడ్, పాలిసల్ఫోన్, పాలిస్టర్ మూడు పొరలు అతికి ఉండటంతో వాటిని విడదీసి రీసైకిల్ చేయడం కష్టం. పై పొర క్లోరిన్‌కి తట్టుకోలేదు కాబట్టి బ్లీచ్‌తో దాన్ని తీసేసి, కింది పొరని అల్ట్రాఫిల్ట్రేషన్‌కి (ఉప్పుని వదిలేసి క్రిముల్లాంటివి ఆపే వడపోతకి) వాడొచ్చు. మా పనిలో కొంత భాగం ఇదే.

అపోహ: "జీడిపిక్కల తొక్కతో ఫిల్టర్ చేస్తున్నారట, మేమూ ఇంట్లో కాల్చుకుంటాం."

దయచేసి వద్దు. పలాసలో తొక్కకి కొదవ లేదు, దాంతో యాక్టివేటెడ్ కార్బన్ (ఫిల్టర్లలో వాడే, సన్నటి రంధ్రాలున్న బొగ్గు) చేయొచ్చన్నదీ నిజమే. కానీ ఆ తొక్కలో నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, పొగ కళ్లనీ ఊపిరితిత్తుల్నీ మండిస్తుంది. పైగా కాల్చగా వచ్చేది ఉత్త బొగ్గు. దాన్ని 800 డిగ్రీల పైన ఆవిరితోనో, లేదా రసాయనాలతోనో యాక్టివేట్ చేస్తేనే సన్నటి రంధ్రాలు ఏర్పడతాయి. అప్పుడు కూడా వాసన, రంగు, కొన్ని పురుగుమందుల్ని పట్టుకుంటుంది గానీ ఉప్పునీ ఫ్లోరైడ్‌నీ కాదు.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందా? పోదు. క్రిములు చస్తాయి, అంతే. నానో ఫిల్టర్ అన్నీ తీసేస్తుందా? తీసేయదు, ఒక్కో పదార్థం కొన్నిటినే పట్టుకుంటుంది. యాక్టివేటెడ్ అల్యూమినా ఫ్లోరైడ్‌ని పడుతుంది, అదీ నిండిపోయేవరకే. ఎన్ని లీటర్లకి మార్చాలో చెప్పలేనివాడి దగ్గర కొనకండి.

హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. మీ ఊరికి ఆ కుళాయి ఉంటే తాగడానికి ముందు దాన్నే చూడండి. బోరు నీళ్లే దిక్కయితే ఆర్‌డబ్ల్యూఎస్ (ప్రభుత్వ గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా మూడూ అడిగి చేయించండి. ఫ్లోరైడ్‌కి గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ బాటిల్‌ని అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. బ్యాక్టీరియాకి మాత్రం ల్యాబువాళ్లిచ్చే సీసాలోనే పట్టి, ఐసు మీద పెట్టి, అదే రోజు అందించండి.